మార్టిన్ నీమోలర్ జీవితం, స్మృతి, ఒప్పుకోలు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

జర్మన్ నౌకాదళంలో జలాంతర్గామి అధికారిగా మొదటి ప్రపంచయుద్ధంలో పాల్గొని, తరువాత ప్రొటెస్టెంట్ పాస్టరుగా మారి, నాజీ నిర్బంధ శిబిరాల్లో ఏడేళ్లకు పైగా బందీగా గడిపిన వ్యక్తి మార్టిన్ నీమోలర్ (1892-1984). లూథరన్ పాస్టరు ఇంట పుట్టి పెరిగిన ఆయనను లోకం ఎక్కువగా ఒకే ఒక్క వాక్యమాల ద్వారా గుర్తుంచుకుంటోంది. ఆ మాటల్లోని "నేను" ఎవరు, ఆ "నేను" ఏ సంవత్సరాల గురించి మాట్లాడుతున్నాడు అన్న ప్రశ్నలు మాత్రం మరుగున పడ్డాయి. నీమోలర్ జీవితంలోని ప్రధాన ఘట్టాలను, 1934 నాటి ఆయన ఆత్మకథను, 1945 తరువాతి ప్రసంగాలను పక్కపక్కన పెట్టి చూసి, ఆయన స్మృతిలో కేంద్రస్థానం ధిక్కారానికి కాక ఒప్పుకోలుకు దక్కాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నీమోలర్, లూథరన్ సంప్రదాయం, ఆత్మకథ, సంస్మరణ, పాఠభేదం, ఒప్పుకోలు.

1. ఉపోద్ఘాతం

పెద్దలు కాలం చేసినప్పుడు సంస్మరణ సంచికలు వెలువరించడం మన సాహిత్య, విద్యా రంగాల్లో స్థిరపడిన ఆచారం. వాటిలోని వ్యాసాలు సాధారణంగా ఒకే మూసలో ఉంటాయి. జననం, విద్య, ఉద్యోగం, పదవులు, పురస్కారాలు, చివర నివాళి. ఆ వ్యక్తి పొరబడిన సందర్భాలను ప్రస్తావించడం మర్యాద కాదని భావిస్తాం. ఈ మర్యాద వల్ల కుటుంబానికి ఊరట కలగవచ్చు గానీ, చరిత్రకారునికి చాలా నష్టం జరుగుతుంది. ఒక మనిషి ఎక్కడినుంచి ఎక్కడికి నడిచాడో తెలియాలంటే మొదట ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలియాలి కదా.

ఈ సమస్యను చర్చించడానికి నీమోలర్ జీవితం తగిన ఉదాహరణ. తన తప్పును తానే బహిరంగంగా, పదేపదే చెప్పుకున్న వ్యక్తి ఆయన. అయినప్పటికీ లోకం ఆయనను నిష్కళంక వీరునిగానే జ్ఞాపకం పెట్టుకుంది. స్వయంగా చెప్పిన దోషాన్ని కూడా స్మృతి ఎలా చెరిపివేయగలదో గమనించడానికి ఇంతకంటే స్పష్టమైన సందర్భం అరుదు.

తెలుగువారికి లూథరన్ సంప్రదాయం కొత్తది కాదు. 1842లో హేయర్ గుంటూరు చేరినప్పటినుంచి ఆ సంఘం తీరాంధ్ర సామాజిక చరిత్రలో, ముఖ్యంగా పాఠశాలలు, ఆసుపత్రుల చరిత్రలో భాగమైంది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. లూథరన్ మూలాలుగల ఒక జర్మన్ పాస్టరు ఆధునిక రాజ్యంతో ఎలా వ్యవహరించాడన్న ప్రశ్న ఈ కారణంగా మనకు పూర్తిగా పరాయిది కాదు.

2. నౌకాదళం నుంచి బోధపీఠానికి

నీమోలర్ 1892 జనవరి 14న వెస్ట్‌ఫాలియాలోని లిప్‌స్టాట్ పట్టణంలో జన్మించారు. తండ్రి హైన్రిష్ నీమోలర్ లూథరన్ పాస్టరు. చక్రవర్తి పట్ల భక్తి, దేశం పట్ల గర్వం, దేవుని పట్ల విశ్వాసం ఒకే ముద్దగా కలిసిన వాతావరణంలో ఆయన పెరిగారు. 1910లో నౌకాదళంలో కేడెట్‌గా చేరారు. యుద్ధం మొదలయ్యాక జలాంతర్గామి విభాగానికి మారి పలు నౌకల్లో పనిచేశారు. 1918లో యూసీ-67 అనే జలాంతర్గామికి కమాండర్ అయ్యారు. యుద్ధసేవకు ఐరన్ క్రాస్ మొదటి శ్రేణి పతకం లభించింది.

ఓటమి ఆయనను బాగా కుంగదీసింది. చక్రవర్తి గద్దె దిగాడు, రిపబ్లిక్ ఏర్పడింది. జర్మన్ జలాంతర్గాములను బ్రిటన్‌కు అప్పగించే పనిలో పాల్గొనమని ఆదేశం వచ్చినప్పుడు ఆయన నిరాకరించి, నౌకాదళాన్ని విడిచిపెట్టారు. 1919లో ఎల్సా బ్రెమర్‌ను వివాహమాడారు. కొంతకాలం వ్యవసాయపు పనిలో కుదిరి, రైతుగా స్థిరపడాలనుకున్నారు. అది సాధ్యం కాక మ్యూన్‌స్టర్ విశ్వవిద్యాలయంలో వేదాంతశాస్త్రం చదివారు. 1920లో రూర్ ప్రాంతంలో కార్మికుల తిరుగుబాటు జరిగినప్పుడు, దాన్ని అణచడానికి వెళ్లిన విద్యార్థి సాయుధదళంలో ఒక బెటాలియన్‌కు నాయకత్వం వహించారు. 1924లో పాస్టరుగా అభిషిక్తులయ్యారు. 1931లో బెర్లిన్ శివారు దాలెమ్ సంఘానికి వచ్చారు. సంపన్నులు, ఉన్నతాధికారులు నివసించే ప్రాంతమది.

ఈ ప్రయాణాన్ని ఆయన 1934లో "జలాంతర్గామి నుంచి బోధపీఠానికి" అనే అర్థమిచ్చే శీర్షికతో ఆత్మకథగా ప్రచురించారు. శీర్షిక చూసి హింసను విడిచి శాంతిని చేరిన కథ అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి అందులో యుద్ధం పట్ల పశ్చాత్తాపం కనిపించదు. నౌకాజీవితంలోని క్రమశిక్షణ, సాహసం గౌరవంగా వర్ణితమయ్యాయి. పాస్టరు వృత్తి ఆ దేశసేవకు కొనసాగింపుగా కనిపిస్తుంది. అంటే 1934 నాటి ఆత్మకథకుడు తన గతంతో ఏ తగవూ లేని మనిషి. పదకొండేళ్ల తరువాత అదే వ్యక్తి తన జీవితాన్ని పూర్తిగా వేరే రీతిలో చెప్పబోతున్నాడు. ఈ రెండు కథనాల మధ్య దూరమే ఆయన జీవితచరిత్రలో అసలు విషయం.

3. 1933: మద్దతు, పరిమిత ధిక్కారం

1933 మార్చి ఎన్నికల్లో నీమోలర్ నాజీ పార్టీకి ఓటు వేశారు. హిట్లర్ అధికారానికి రావడాన్ని జాతీయ పునరుజ్జీవనంగా స్వాగతించిన వేలాది ప్రొటెస్టెంట్ పాస్టర్లలో ఆయనా ఒకరు. ఆ వసంతంలోనే కమ్యూనిస్టులను, సోషలిస్టులను వేలల్లో పట్టుకుని దాహౌ వంటి శిబిరాలకు తరలించారు. దాలెమ్ బోధపీఠం నుంచి దానిపై నిరసన వెలువడలేదు.

ఆయన ధిక్కారం సంఘం లోపలి ప్రశ్నతో మొదలైంది. యూదు సంతతివారిని ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించిన "ఆర్య నిబంధన"ను 1933 సెప్టెంబరులో ప్రష్యా ప్రొటెస్టెంట్ సంఘం కూడా తనకు వర్తింపజేసుకుంది. దీనివల్ల యూదు సంతతికి చెంది, బాప్తిస్మం పొంది పాస్టర్లైనవారు పదవులు కోల్పోవలసి వచ్చింది. బాప్తిస్మం పొందినవారి మధ్య జన్మను బట్టి భేదం చూపడం విశ్వాసానికి విరుద్ధమని వాదిస్తూ నీమోలర్ తదితరులు పాస్టర్ల అత్యవసర కూటమిని ఏర్పాటు చేశారు. కొద్ది నెలల్లోనే సుమారు 7000 మంది పాస్టర్లు అందులో చేరారు. 1934 మే నెలలో బార్మెన్‌లో జరిగిన సమావేశం, కార్ల్ బార్త్ ప్రధానంగా రచించిన ప్రకటనను ఆమోదించింది. దీనితో రాజ్యపు ఆధిపత్యాన్ని నిరాకరించే "కన్ఫెసింగ్ చర్చి" ఉద్యమానికి సిద్ధాంత పునాది ఏర్పడింది.

ఈ ధిక్కారానికి ఉన్న హద్దులను కూడా చెప్పాలి. ఆయన కాపాడదలచింది బాప్తిస్మం పొందినవారి హక్కును, సంఘపు స్వాతంత్ర్యాన్ని. యూదులుగానే జీవిస్తున్నవారి పౌరహక్కుల ప్రశ్న ఆ పోరాటంలో లేదు. పైగా 1933 నవంబరులో రాసిన ఒక పత్రంలో, యూదు సంతతికి చెందిన పాస్టర్లు సంఘంలో ప్రముఖ స్థానాలకు దూరంగా ఉంటే మంచిదని సూచించారు. 1935 నాటి ఒక ప్రసంగంలో యూదులు శాపగ్రస్తులన్న పాత మతద్వేష భావననే వినిపించారు. మరోవైపు 1936లో కన్ఫెసింగ్ చర్చి నాయకత్వం హిట్లర్‌కు పంపిన విజ్ఞాపనలో యూదుల పట్ల ద్వేషాన్ని ప్రజలపై రుద్దడాన్ని, నిర్బంధ శిబిరాలను విమర్శించారు. దానిపై సంతకం చేసినవారిలో నీమోలర్ ఉన్నారు. ఇలా ఆయన మాటల్లో పూర్వపు ద్వేషం, మేలుకుంటున్న అంతరాత్మ ఒకే కాలంలో కలిసి కనిపిస్తాయి. ఏదో ఒకదాన్నే ఎంచుకుని చిత్రం గీస్తే అది అసత్యమవుతుంది.

1934 జనవరి 25న హిట్లర్ సంఘనాయకులను పిలిపించాడు. నీమోలర్ ఆ ఉదయం టెలిఫోనులో మాట్లాడిన మాటలను పోలీసులు దొంగచాటుగా విని నమోదు చేశారు. గోరింగ్ వాటిని సమావేశంలోనే చదివి వినిపించాడు. ఆనాటి నుంచి ఆయన రాజ్యం దృష్టిలో అనుమానితుడయ్యారు.

4. బందీ జీవితం

1937 జూలై 1న నీమోలర్‌ను అరెస్టు చేశారు. 1938 మార్చి 2న ప్రత్యేక న్యాయస్థానం ఏడు నెలల కోట నిర్బంధం, జరిమానా విధించింది. అప్పటికే ఎనిమిది నెలలు జైల్లో ఉన్నందున ఆయన విడుదల కావాలి. కానీ రహస్య పోలీసులు వెంటనే మళ్లీ అదుపులోకి తీసుకుని, హిట్లర్ సొంత ఖైదీగా సాక్సెన్‌హౌసెన్ శిబిరానికి తరలించారు. అక్కడ ఏకాంత నిర్బంధం. 1941లో దాహౌకు మార్చి, కథోలిక గురువులతో కలిపి ఉంచారు. ఆయన పేరు ప్రపంచమంతటా వ్యాపించింది. 1940 డిసెంబరులో అమెరికాకు చెందిన టైమ్ పత్రిక ఆయనను ముఖచిత్రంగా వేసింది.

ఈ వీరగాథలో ఇమడని ఘటన ఒకటుంది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలుకాగానే, సాక్సెన్‌హౌసెన్ గదినుంచే ఆయన నౌకాదళాధిపతికి లేఖ రాసి, తిరిగి సైన్యంలో సేవచేయడానికి సిద్ధమని తెలిపారు. ఆ విన్నపాన్ని తిరస్కరించారు. తనను బంధించిన ప్రభుత్వం చేస్తున్న యుద్ధానికి తానే ముందుకు రావడం నేటి పాఠకునికి వింతగా తోస్తుంది. శిబిరం నుంచి బయటపడే ఉపాయమని సమర్థించినవారు ఉన్నారు. అయితే 1945 జూన్‌లో నేపుల్స్‌లో పత్రికలవారు అడిగినప్పుడు ఆయన ఆ విషయాన్ని దాచలేదు. జర్మన్ పౌరునిగా అది తన కర్తవ్యమని భావించానన్నారు. అమెరికాలో దుమారం రేగింది. ఎలినార్ రూజ్‌వెల్ట్ తన పత్రికా శీర్షికలో ఆయనను విమర్శించారు. జాతీయవాద సైనికుడు పాస్టరు అంగీ కింద ఇంకా బతికే ఉన్నాడని ఈ ఘటన నిరూపిస్తుంది.

5. దాహౌ బోర్డు: కథనం మారిన చోటు

1945 ఏప్రిల్ చివర నాజీలు ఆయనను ఇతర ముఖ్య ఖైదీలతో పాటు ఆల్ప్స్ పర్వత ప్రాంతానికి తరలించారు. అక్కడే విముక్తి లభించింది. ఆ ఏడాది చివరి భాగంలో భార్యతో కలిసి దాహౌ మీదుగా వెళుతూ, తాను బందీగా ఉన్న గదిని ఆమెకు చూపించడానికి ఆగారు. శవాలను దహించిన చోటికి కూడా వెళ్లారు. అక్కడ ఒక బోర్డు ఉంది. 1933 నుంచి 1945 వరకు 2,38,756 మందిని ఇక్కడ దహనం చేశారని దానిమీద రాసి ఉంది. ఈ సంఖ్య సరైనది కాదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. దాహౌ, దాని ఉపశిబిరాల్లో మరణించినవారు సుమారు 41,500 మంది అని నేటి చరిత్రకారుల అంచనా. అయితే నీమోలర్‌ను కలచివేసింది మృతుల సంఖ్య ఒక్కటే కాదు.

తరువాత అనేక సభల్లో ఆయన ఈ సంఘటనను వివరించారు. వాటి సారాంశం ఇది. 1937 నుంచి 1945 వరకు నీవెక్కడున్నావని దేవుడు అడిగితే తన దగ్గర జవాబుంది, తాను ఖైదీ. కానీ బోర్డు మీది లెక్క 1937తో మొదలు కాలేదు, 1933తో మొదలైంది. ఆ నాలుగేళ్లు తాను స్వేచ్ఛగా ఉన్నాడు, మాట్లాడగల స్థానంలో ఉన్నాడు. ఆ కాలానికి తన వద్ద ఏ సాక్ష్యమూ లేదు.

చరిత్ర రచన దృష్టితో చూస్తే ఇది కాలవిభజనలో వచ్చిన మార్పు. అప్పటిదాకా ఆయన కథకు 1937 ఆరంభం. నిర్బంధితుని కథ అక్కడే మొదలవుతుంది. బోర్డు చూశాక కథకు 1933 ఆరంభమైంది. దానితో కథానాయకుని పాత్ర కూడా మారిపోయింది. బాధితుడు బాధ్యుడయ్యాడు. లూథరన్ సంప్రదాయంలో ప్రతి ఆరాధనలోనూ పాపపు ఒప్పుకోలుకు స్థానముంది. అయితే ఆరాధనలో అది అందరూ కలిసి పలికే సాధారణ వాక్యం. నీమోలర్ దానికి సంవత్సరాలు చేర్చారు. తేదీలు చేరిన ఒప్పుకోలు చరిత్రకు సాక్ష్యమవుతుంది.

1945 అక్టోబరులో జర్మన్ ప్రొటెస్టెంట్ నాయకులు ప్రకటించిన స్టుట్‌గార్ట్ అపరాధ ప్రకటనలో ఆయన ప్రధాన పాత్ర వహించారు. ఆ పత్రంలో యూదుల పేరు లేదన్న విమర్శ న్యాయమైనదే. అయినా ఆ మాత్రపు ఒప్పుకోలును కూడా ఓడిన జర్మనీ సహించలేదు. ఇళ్లు కూలి, బిడ్డలను పోగొట్టుకుని, ఆకలితో ఉన్నవారికి అపరాధపు మాట అవమానంగా తోచింది. 1946 జనవరిలో ఎర్లాంగెన్‌లో ఆయన ప్రసంగిస్తుండగా విద్యార్థులు కాళ్లు నేలకేసి రాస్తూ నిరసన తెలిపారు. ఆయన కూడా యుద్ధంలో ఒక కుమారుణ్ణి కోల్పోయిన తండ్రే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

6. ప్రసిద్ధ వాక్యమాల, పాఠభేదాలు

ఈ ప్రసంగయాత్రల్లోనే, మొదట ఇతరుల కోసం వచ్చినప్పుడు తాను మౌనం వహించానని, చివరికి తన వంతు వచ్చేసరికి పలికేవారే మిగలలేదని చెప్పే ప్రసిద్ధ వాక్యాలు రూపుదిద్దుకున్నాయి. నేడు వాటిని కవితగా అచ్చువేస్తున్నారు. తెలుగులో కూడా సభల్లో, గోడపత్రికల్లో అవి వినిపిస్తుంటాయి. కానీ ఆయన వాటిని కవితగా రాయలేదు. 1976లో ఒక సంభాషణలో ఈ విషయం ప్రస్తావనకు వచ్చినప్పుడు, తన మాటలకు లిఖిత ప్రతి ఏదీ లేదన్నారు. సభను బట్టి, సందర్భాన్ని బట్టి వాక్యాలు మారేవి.

చాటుపద్యాలను, వేమన పద్యాలను పరిశీలించినవారికి ఈ స్థితి సుపరిచితం. నోటినుంచి నోటికి సాగిన రచనకు మూలప్రతిని వెతకడం ఎంత కష్టమో 1829లో వేమన పద్యాలను ప్రచురించిన బ్రౌన్ నుంచి నేటి పరిష్కర్తల వరకు అందరికీ అనుభవమే. అక్కడ మనం అడిగే ప్రశ్ననే ఇక్కడా అడగాలి. పాఠభేదాలు ఏ వైపుకు మొగ్గుతున్నాయి?

చరిత్రకారుడు హెరాల్డ్ మార్కూస్ ఈ పాఠాల చరిత్రను శ్రమించి పరిశోధించారు. 1946 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రసంగంలో నీమోలర్ కమ్యూనిస్టులను, నయంకాని రోగులను, యూదులను, ఆక్రమిత దేశాల ప్రజలను పేర్కొన్నారు. అమెరికా రాజధానిలోని హోలోకాస్ట్ మ్యూజియంలో ప్రదర్శించిన పాఠంలో సోషలిస్టులు, కార్మిక సంఘాలవారు, యూదులు ఉన్నారు, కమ్యూనిస్టులు లేరు. బోస్టన్ స్మారక చిహ్నం మీది పాఠంలో కథోలికులు చేరారు. జాబితా ప్రతి చోటా అక్కడి శ్రోతలకు అనువుగా మారింది.

వదిలివేసిన పేర్లలోనే అసలు సంగతి ఉంది. నీమోలర్‌కు కమ్యూనిస్టులు శత్రువులు. 1920లో తుపాకి పట్టుకుని వారిమీదికి వెళ్లినవాడు ఆయన. 1933లో వారిని పట్టుకుపోయినప్పుడు ఆయన భయంతో మౌనంగా ఉండలేదు, ఆమోదంతో మౌనంగా ఉన్నారు. కనుక జాబితాలో కమ్యూనిస్టులు మొదట రావడం ఆయన దృష్టిలో ఒప్పుకోలుకు ప్రాణం. ఆ పేరు తొలగిస్తే వాక్యం శ్రోతకు ఇబ్బంది లేకుండా పోతుంది. మనకు ఇష్టమైనవారి పక్షాన మాట్లాడాలన్న హితవుగా మిగులుతుంది. మనకు గిట్టనివారిని పట్టుకుపోతున్నప్పుడు మనమేం చేశామన్న ప్రశ్న అదృశ్యమవుతుంది. అంతేకాదు, ఎవరైనా ఆ "నేను" స్థానంలో తమను బాధితులుగా ఊహించుకోవచ్చు. మూలంలోని "నేను" తొలి సంవత్సరాల్లో బాధితుడు కానే కాదు, అధికారానికి ఓటు వేసినవాడు.

7. పదవిలోనూ విరమణలోనూ

1947 నుంచి 1964 వరకు నీమోలర్ హెస్సె-నస్సావ్ ప్రొటెస్టెంట్ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. పశ్చిమ జర్మనీ మళ్లీ సైన్యాన్ని ఏర్పాటు చేసుకోవడాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. 1952లో మాస్కో వెళ్లి సొంత ప్రభుత్వం ఆగ్రహానికి గురయ్యారు. 1954లో ఒట్టో హాన్ వంటి అణుశాస్త్రవేత్తలతో హైడ్రోజన్ బాంబు గురించి చర్చించాక, ఏ యుద్ధాన్నీ సమర్థించలేనన్న నిర్ణయానికి వచ్చారు. 1959 జనవరిలో కాసెల్ పట్టణంలో సైనిక శిక్షణను నేరస్థులను తయారుచేసే చదువుగా అభివర్ణించినప్పుడు రక్షణమంత్రి ష్ట్రౌస్ ఆయనపై ఫిర్యాదు చేశాడు. ఐరన్ క్రాస్ ధరించిన మాజీ కమాండర్ ఈ మాట అనడం ఆనాటి మాజీ సైనికులను బాధించింది. అయితే తాను చేసిన పని గురించే ఆయన మాట్లాడుతున్నారని మరువరాదు.

1961 ఆయనకు కఠినమైన సంవత్సరం. ఆగస్టులో డెన్మార్క్‌లో జరిగిన కారు ప్రమాదంలో భార్య ఎల్సా మరణించారు. ఆయనా గాయపడ్డారు. అదే ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో న్యూఢిల్లీలో ప్రపంచ చర్చిల మండలి మూడవ మహాసభ జరిగింది. దాని అధ్యక్షులలో ఒకరిగా ఆయనను ఎన్నుకున్నారు. 1968 వరకు ఆ బాధ్యత నిర్వహించారు.

1964లో పదవీ విరమణ చేశాక ఆయన విశ్రాంతి తీసుకోలేదు. 1967లో హనోయ్ వెళ్లి హోచిమిన్‌ను కలిశారు. లెనిన్ శాంతి పురస్కారం అందుకున్నారు. ఒకప్పుడు కమ్యూనిస్టుల అరెస్టులకు మౌనంగా ఆమోదం తెలిపిన పాస్టరు జీవితం ఇంత దూరం నడిచింది. సోవియట్ పక్షం తనను వాడుకుంటోందన్న విమర్శను ఆయన ఎదుర్కొన్నారు. ఆ విమర్శలో కొంత నిజముందనే అనుకోవాలి. ఒకప్పుడు కుడిపక్షపు ఆవేశంతో చూపిన తొందరపాటునే తరువాత శాంతి ఉద్యమంలోనూ కొన్నిసార్లు చూపారు. వయసు పెరిగేకొద్దీ తాను మరింత విప్లవవాదినవుతున్నానని ఆయనే హాస్యంగా చెప్పుకునేవారు. 1984 మార్చి 6న, 92 ఏళ్ల వయసులో, వీస్‌బాడెన్‌లో కన్నుమూశారు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. నీమోలర్ జీవితంలో సైనికుడు, పాస్టరు అన్నవి ఒకదాని తరువాత ఒకటి వచ్చిన రెండు దశలు కావు. 1939 నాటి లేఖ వరకు అవి కలిసే ఉన్నాయి. వాటిని విడదీసింది 1945 తరువాతి ఆత్మపరిశీలన.

2. 1934 నాటి ఆత్మకథ, 1945 తరువాతి ప్రసంగాలు ఒకే జీవితానికి రెండు పరస్పర విరుద్ధ కథనాలు. ఆత్మకథను ఆధారంగా తీసుకునే పరిశోధకుడు అది ఏ సంవత్సరంలో ఎవరికోసం చెప్పినదో చూడాలి.

3. ప్రసిద్ధ వాక్యమాలలోని పాఠభేదాలు యాదృచ్ఛికం కావు. శ్రోతకు ఇబ్బంది కలిగించే పేర్లు తొలగి, అనుకూలమైనవి చేరుతున్నాయి.

4. నిర్బంధంలో గడిపిన ఏళ్లకంటే, స్వేచ్ఛగా ఉండి మౌనం వహించిన 1933-1937 మధ్య కాలాన్నే నీమోలర్ తన జీవితానికి కేంద్రంగా భావించారు. ఆయనను స్మరించే రచన ఏదైనా ఆ నాలుగేళ్లకు తగిన చోటివ్వాలి.

సంస్మరణ రచన చేసే మనకు ఇందులో ఒక పాఠముంది. పోయినవారి దోషాన్ని దాచితే వారికి గౌరవం దక్కుతుందని అనుకుంటాం. నీమోలర్ విషయంలో అలా చేస్తే, చివరి నలభై ఏళ్లు ఆయన ఊరూరా తిరిగి చెప్పిన మాటనే కొట్టివేసినట్లవుతుంది.